మా హాల్లో ఆరడుగుల పంజరం: నా అనుభవం

మా అత్తయ్యది అనంతపురం జిల్లా. సికింద్రాబాద్‌లో మా ఇంటికి వచ్చి ఫించ్ పిట్టల్ని మొదటిసారి చూసినప్పుడు, పంజరం ముందు కుర్చీ వేసుకుని పావుగంట సేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ తర్వాత, "రెక్కలుండాయి గానీ వాటికి పనే లేదు కదమ్మా" అన్నారు.

అప్పటికి ఆ జత మా ఇంటికి వచ్చి రెండు నెలలు. పాప పుట్టినరోజుకి మా ఆయన కొనుక్కొచ్చారు. జీబ్రా ఫించ్‌లు. తూస్తే ఒక్కోటి పన్నెండు గ్రాములు ఉంటుంది, అంతే. మగదానికి బుగ్గల మీద నారింజ రంగు మచ్చలు, గొంతు కింద సన్నటి నల్ల చారలు. ఆడది బూడిద రంగు, ముక్కు మాత్రం నారింజ. వాటితోపాటు కొట్టువాళ్ళు ఇచ్చిన పంజరం అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, పైన గోపురంలా ముద్దుగా ఉండేది. "రెండు చిన్న పిట్టలకి ఇదే ఎక్కువ" అన్నారట. లోపల రెండు ప్లాస్టిక్ పుల్లలు. పిట్టలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ పుల్ల మీంచి ఆ పుల్ల మీదికి, ఆ పుల్ల మీంచి ఈ పుల్ల మీదికి గెంతుతూ ఉండేవి. నేను దాన్ని ఆట అనుకున్నాను. అత్తయ్య ఆ మాట అన్నాక గమనిస్తే, అవి రెక్కలు పూర్తిగా చాపింది నేను ఒక్కసారి కూడా చూడలేదని అర్థమైంది.

పేర్లు పెట్టింది కూడా అత్తయ్యే. మగది కొర్ర, ఆడది సామ. చిరుధాన్యాలు తినే పిట్టలకి వాటి పేర్లే బాగుంటాయన్నారు.

సామ ఆ చిన్న పంజరంలోనే పోయింది. పంజరంతోపాటు ఒక బుల్లి మట్టి కుండ ఇచ్చారు, గూడు కోసమని. సామ అందులో గుడ్లు పెట్టింది, మేమంతా సంబరపడ్డాం. అవి పొదగకుండా పాడైతే తీసేశాం. వెంటనే మళ్ళీ పెట్టింది. మూడోసారి గుడ్డు బయటికి రాలేదు. పొద్దున లేచేసరికి పంజరం అడుగున ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి పోయింది. పాప ఆ రాత్రి అన్నం తినలేదు.

డాక్టర్ గారు ఆ రోజు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు. ఈ పిట్టల సొంత ఊరు ఆస్ట్రేలియాలోని ఎండు ప్రాంతాలు. అక్కడ వాటికి గుడ్లు పెట్టడానికి ఫలానా నెల అంటూ లేదు. వాన పడితే గడ్డి గింజ దొరుకుతుంది, అప్పుడు గూడు కడతాయి. మన ఇంట్లో గింజలూ నీళ్ళూ రోజూ ఉంటాయి, కుండా ఎదురుగానే ఉంటుంది. దాని ఒంటికి ఏడాదంతా వాన పడినట్టే. వరసగా గుడ్లు పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం అయిపోతుంది. ఎగరడానికి చోటు లేక కండరాలు కూడా బలహీనపడితే గుడ్డును తోసే శక్తి ఉండదు. కుండ తీసేసి, కాల్షియం పెట్టి, ఎగరడానికి చోటివ్వమన్నారు.

కొర్ర ఒంటరిగా మిగిలింది. ఫించ్ మందలో బతికే పిట్ట. "బీప్, బీప్" అని పిలిచి, జవాబు కోసం ఆగి, మళ్ళీ పిలిచేది. ఆ పిలుపు వినడం కష్టంగా ఉండేది. వెంటనే ఇంకో పిట్టని తెద్దామని మా ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. ముందు ఇల్లు, తర్వాతే పిట్టలు అన్నాను. ఈలోగా కొర్ర పంజరం పక్కన రోజూ పాప కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

మొదట రెడీమేడ్ పంజరాల కోసమే తిరిగాను. దొరికే పెద్ద పంజరాలన్నీ చిలకల కోసం చేసినవి. ఐదడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, చూడటానికి భవనాల్లా ఉంటాయి. ఫించ్‌కి వాటివల్ల రెండు ఇబ్బందులు. ఒకటి, ఊచల మధ్య సందు. ఫించ్‌కైతే అది అరంగుళం మించకూడదు. ముప్పావు అంగుళం ఉంటే తల దూరుతుంది, తల దూరితే మిగతా ఒళ్ళు వచ్చేస్తుంది లేదా ఇరుక్కుపోతుంది. రెండోది, ఎత్తు. ఫించ్ మామూలుగా నిట్టనిలువుగా పైకి లేవదు. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి అడ్డంగా, దాదాపు సమానమైన ఎత్తులో పోతుంది. కాబట్టి దానికి పనికొచ్చేది పొడవు. ఐదడుగుల ఎత్తున్న పంజరంలో ఆ పై చోటంతా దానికి వృథా. ఒక జతకి కనీసం రెండున్నర అడుగుల పొడవైనా ఉండాలంటారు. నేను ఆరేడు పిట్టల గురించి ఆలోచిస్తున్నాను. అలాంటిది బజార్లో దొరకలేదు. చేయించాలి.

కొలతలు తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. నాకు ఆ రెండు వారాలే అన్నిటికంటే ఇష్టం. హాల్లో తూర్పు కిటికీకీ షోకేసుకీ మధ్య ఆరున్నర అడుగుల గోడ ఖాళీగా ఉంది. అందుకని పొడవు ఆరడుగులు. వెడల్పు ఎంతన్నది నా చెయ్యే తేల్చింది. తలుపులోంచి చెయ్యి పెడితే వెనక వైపు అందాలి, లేకపోతే శుభ్రం చేయలేను, జబ్బు పడ్డ పిట్టని పట్టుకోలేను. నా చెయ్యి రెండడుగులు అందుతుంది. అందుకని రెండడుగులు. ఎత్తు విషయంలో మెష్ (తీగల జాలీ) చుట్ట దారి చూపించింది. వెల్డ్ మెష్ నాలుగడుగుల వెడల్పు చుట్టల్లో దొరుకుతుంది. పంజరం ఎత్తు నాలుగడుగులే పెట్టుకుంటే ముందూ వెనకా పక్కలూ ఎక్కడా అతుకు రాదు. అతుకు లేకపోతే కోసిన తీగ కొసలు కూడా తక్కువ. పొడవు లెక్కేస్తే ముందుకి ఆరు, వెనకకి ఆరు, పక్కలకి రెండూ రెండూ, పై కప్పుకి ఇంకో ఆరు, మొత్తం 22 అడుగుల మెష్. కప్పుకి కోసిన ముక్కలో సగం మిగులుతుంది, దానితో ఒక చిన్న విడి పంజరం. అది తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను. కింద అడుగున్నర స్టాండు, దానికి చక్రాలు. పిట్టలు మన కంటి ఎత్తులో ఉంటే బెదరవు, నేల దగ్గర పెడితే ఎప్పుడూ భయపడుతూనే ఉంటాయి.

ఇక మెష్ దేనితో చేసినదన్నది పెద్ద ప్రశ్న. మామూలుగా దొరికేది జీఐ మెష్, అంటే ఇనుప తీగకి జింకు పూత. చవక. కానీ ఆ జింకు పెచ్చుల్ని పిట్టలు మింగితే విషం. ఫించ్‌లు చిలకల్లా తీగని కొరకవు కాబట్టి వాటికి ప్రమాదం తక్కువే. చాలామంది జీఐ మెష్‌ని వెనిగర్ పోసి బ్రష్‌తో గట్టిగా రుద్ది, కడిగి, కొన్నాళ్ళు ఎండావానల్లో ఉంచి వాడతారు. తప్పు కాదు. నేను మాత్రం సామని పోగొట్టుకుని ఉన్నాను, నాకు ఆ తక్కువ ప్రమాదం కూడా వద్దనిపించింది. జింకు పూత లేని 304 గ్రేడు స్టీలు మెష్ అడిగాను.

రాణిగంజ్ నిండా హార్డ్‌వేర్ కొట్లే కదా, దొరకకపోదు. అయినా ఆఫీసు పనుల మధ్య వెళ్ళలేక, ఇంటి దగ్గరి ఒక కొట్టులో డబ్బులిచ్చి తెప్పించమన్నాను. చుట్ట వచ్చింది. తెల్లగా మెరుస్తోంది. అత్తయ్య దాన్ని చేత్తో తడిమి, "స్టీలు గిన్నెకి ఈ గరుకు ఉండదే" అన్నారు. ఫ్రిజ్ మీదున్న మామిడిపండు బొమ్మ అయస్కాంతం తీసి తీగ మీద పెట్టాను. టక్కున అతుక్కుంది, వదల్లేదు. 304 స్టీలుకి అయస్కాంతం అతుక్కోదు, తీగగా సాగదీసిన స్టీలైతే అయస్కాంతం కొంచెం లాగినట్టు అనిపించొచ్చు గానీ ఇలా పట్టుకోదు. మాకు స్టీలు ధర తీసుకుని జీఐ ఇచ్చారు. తిరిగిస్తే మొదట గొడవ పడ్డారు, తర్వాత డబ్బులు వెనక్కిచ్చారు. ఆ వారం టెన్షన్ తప్పలేదు. చివరికి నేనే ఒక పూట సెలవు పెట్టి, అయస్కాంతం బ్యాగులో వేసుకుని రాణిగంజ్ వెళ్ళాను. మెష్ కొనేవాళ్ళు ఎవరైనా ఈ ఒక్క పని చేయండి, అయస్కాంతం లేకుండా వెళ్ళొద్దు.

ఫ్రేము మా వీధి చివర కిటికీల పని చేసే అల్యూమినియం మేస్త్రీతో చేయించాను. అంగుళం చదరపు పైపు. ఆయన ఒకే ముక్కగా బిగించేద్దామన్నాడు. "అన్నా, మా లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులోనూ తిరగదు" అన్నాను. ఐదు పలకలుగా చేసి, ఇంటికి తెచ్చాక బోల్టులు వేసి బిగించేలా మాట్లాడుకున్నాం. వేసవిలో ఒకసారి ఇంటికి సున్నం వేయిస్తే విప్పి గంటలో బెడ్‌రూమ్‌లోకి మార్చాం, అప్పుడు దాని విలువ తెలిసింది.

తలుపుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పిట్ట పారిపోయేది అక్కడే. ఫించ్ బెదిరితే పైకి లేస్తుంది. కాబట్టి తలుపు పైన ఉంటే సరిగ్గా దాని దారిలో మనమే తెరిచినట్టు. నా తలుపులన్నీ కింది సగంలో పెట్టించాను. గింజలకీ నీళ్ళకీ రెండు చివర్లలో అరచేతంత చిన్న తలుపులు, మధ్యలో చెయ్యి భుజం దాకా దూరేంత ఒక పెద్ద తలుపు. పెద్ద తలుపు తెరిచేముందు ఫ్యాను ఆపడం, కిటికీ వెయ్యడం మా ఇంట్లో అందరికీ అలవాటైంది. తిరిగే సీలింగ్ ఫ్యాను కిందికి పిట్ట వెళ్ళడం తలచుకుంటేనే నాకు గుండె ఆగుతుంది.

"అక్కా, పిట్టల కోసం ఇంత లెక్కనా" అని మేస్త్రీ మొదట్లో అడిగాడు. పని పూర్తయ్యే రోజు మాత్రం తనే ఆకురాయి తీసుకుని, లోపలివైపు తగిలే ప్రతి తీగ కొసనీ అరగదీసి, నన్ను కూడా వేలు పెట్టి చూడమన్నాడు. ఆ పని చెప్పకుండానే చేశాడు.

అడుగు ట్రే రెండు ముక్కలుగా చేయించాను, మూడడుగులది ఒక్కోటి. ఆరడుగుల ట్రే మధ్యలో వంగుతుంది, ఒక్క మనిషి లాగలేరు. ట్రేలో పేపరు పరిస్తే సరి. అడుగున జల్లెడలాంటి మెష్ వేయించలేదు, ఫించ్‌లకి కింద దిగి గింజలు ఏరుకోవడం ఇష్టం. ముందు వైపు కింది అడుగు మేర అక్రిలిక్ షీటు బిగించాను, పొట్టు హాలంతా ఎగరకుండా. మెష్, ఫ్రేము, చక్రాలు, కూలీ అన్నీ కలిపి నాకు దాదాపు ₹21,000 అయింది. సగానికి పైగా స్టీలు మెష్‌కే. జీఐ వాడితే చాలా తగ్గుతుంది.

పంజరం నిలబెట్టిన రోజు నేను చేసిన తప్పు ఒకటుంది. అంత ఖాళీ చోటు చూసి ఆగలేకపోయాను. ఉయ్యాలలు, తాడు నిచ్చెన, ప్లాస్టిక్ తీగలు, మధ్యలో ఒక కొమ్మ, పక్కన ఇంకో కొమ్మ. ఫొటోలో తోటలా ఉంది. కొర్రని వదిలాను. ఈ కొమ్మ మీంచి ఆ ఉయ్యాల మీదికి గెంతింది, అక్కడి నుంచి నిచ్చెన మీదికి. మూడు రోజులు చూశాను. అదే గెంతు, అదే పాత పంజరం. నేను ఆరడుగుల చోటుని ఆరు ఒక అడుగు ముక్కలుగా నరికేశాను.

నాలుగో రోజు పొద్దున మధ్యలోవన్నీ తీసేశాను. ఎడమ చివర రెండు జామ కొమ్మలు, కుడి చివర రెండు జామ కొమ్మలు, చిటికెన వేలి మందం ఒకటి, కొంచెం లావు ఒకటి, పాదానికి ఒకే పట్టు కాకుండా. గింజల గిన్నెలు కొమ్మల కింద కాకుండా పక్కకి జరిపాను, రెట్ట పడకుండా. మధ్యలో ఏమీ లేదు, గాలి తప్ప. కొర్ర ఎడమ కొమ్మ మీద కూర్చుని మెడ అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారి లేచింది. చిన్న "ఫుర్‌ర్" చప్పుడు, అంతే, కుడి కొమ్మ మీద ఉంది. రొప్పుతోంది, ముక్కు తెరిచి ఊపిరి తీస్తోంది. ఆరడుగులకే దానికి ఆయాసం వచ్చింది. అన్నాళ్ళు ఆ రెక్కలు ఎంత ఖాళీగా ఉన్నాయో నాకు అప్పుడు కనబడింది. వారం తిరిగేసరికి ఆగకుండా పదిసార్లు అటూ ఇటూ తిరిగేది. అత్తయ్యకి వీడియో కాల్‌లో చూపించాను. ఆమె ఏమీ అనలేదు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

అప్పుడు తోడు కోసం వెతికాం. ఒకచోట ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో బుల్లి పిట్టల్ని చూపించి ఫించ్‌లే అన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే రంగు పూసిన మునియాలు, మన పల్లెల్లో జీనువాయి అనే పిట్టలు. వరి చేల మీద గుంపులుగా వాలేవి. వాటిని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పాప చేయి పట్టుకుని బయటికి వచ్చేశాను. మన దగ్గర ఫించ్‌లు కొనేవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి, జీబ్రా ఫించ్‌లు తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నవి, మునియా చేలోంచి వలేసి తెచ్చినది.

ఇంట్లో పెంచే ఒకరి దగ్గర నాలుగు జీబ్రా ఫించ్‌లు దొరికాయి. అరిక, ఊద, వరిగ, అండుకొర్ర. వాటిని నేరుగా పెద్ద పంజరంలోకి వదల్లేదు. మిగిలిన మెష్‌తో చేసిన చిన్న పంజరంలో, వేరే గదిలో 30 రోజులు ఉంచాను. రెండో వారంలో ఊద నోరు తెరిచి టిక్కుటిక్కుమని ఊపిరి తీస్తుంటే డాక్టర్ చూసి, గాలిగొట్టంలో పురుగులు అని మందు చుక్కలు ఇచ్చారు. తగ్గింది. తిన్నగా కలిపేసి ఉంటే ఐదింటికీ వైద్యం చేయాల్సి వచ్చేది. అంత పెద్ద పంజరంలో జబ్బు పిట్టని పట్టుకోవడం కూడా తేలిక కాదు.

కలిపిన రోజు కొర్ర పాడిన పాట గురించి రాయాలంటే నాకు మాటలు చాలవు. మగ పిల్లలు తండ్రి దగ్గర విని నేర్చుకునే పాట అది. ఇన్నాళ్ళూ వినేవాళ్ళు లేక పాత పంజరంలో ముక్కలు ముక్కలుగా పాడేది, ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా పాడింది.

మొదటి దీపావళి రాత్రి ఒక పాఠం నేర్పింది. తొమ్మిదింటికి కరెంటు పోయింది, అదే నిమిషంలో కింద పెద్ద టపాకాయ పేలింది. చీకట్లో ఐదు పిట్టలూ ఒకేసారి లేచి మెష్‌ని కొట్టుకున్నాయి. ఫోను లైటు వేసేసరికి వరిగ ముక్కు పైన చర్మం లేచి రక్తం. పెద్ద పంజరానికి ఉన్న చిక్కు ఇదే. చిన్న దాంట్లో అవి వేగం అందుకోలేవు, పెద్ద దాంట్లో అందుకుంటాయి. గాయం మానింది. మర్నాడే ఇన్వర్టర్ లైనుకి ఒక జీరో బల్బు పెట్టించాను. అది రాత్రంతా పంజరానికి పక్కగా వెలుగుతుంది, కొమ్మ ఎక్కడుందో కనబడేంత. పండగ రాత్రుల్లో మూడు వైపులా దుప్పటి కప్పుతాం.

పొగ విషయం కూడా ఇంట్లో అందరూ మారాల్సి వచ్చింది. పక్షి ఊపిరితిత్తులు చాలా సున్నితం. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కి మాడితే వచ్చే ఆవిరి మనకి వాసనగా కూడా తెలియకపోవచ్చు, పిట్టని నిమిషాల్లో చంపేస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు ఇనప పెనమే. దోమల కాయిల్ మానేశాం, దోమతెర వచ్చింది. శుక్రవారం సాంబ్రాణి మాత్రం అత్తయ్యకి ముఖ్యం. నేను చెప్పడానికి మొహమాటపడుతుంటే ఆమే ధూపం గిన్నె బాల్కనీలోకి తీసుకెళ్ళి తలుపు మూశారు. "దేవుడికి అక్కడి నుంచీ అందుతుందిలే" అన్నారు.

గూడు ఇప్పటిదాకా ఒక్కసారే ఇచ్చాను, ఏడాదికి ఒక విడత చాలని నిర్ణయం. కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క, ఉడికించి పొడి చేసిన గుడ్డు పెంకు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. అరిక నాలుగు గుడ్లు పెడితే మూడు పిల్లలయ్యాయి. రెండు వారాలు పొదిగింది, కొర్రతో వంతులేసుకుని. మూడు వారాలకి పిల్లలు గూడు దాటాయి. వెంటనే గూడు తీసేశాను. ఆ పిల్లల్లో ఒకటి మొదటి రోజే మధ్య ఖాళీని దాటబోయి సగంలో పేపరు మీద పడింది, లేచి నడుచుకుంటూ అవతలికి చేరింది. మర్నాడు ఎగిరే చేరింది.

ఇప్పుడు మొత్తం ఎనిమిది. ఈ కొలతకి ఇంతకు మించొద్దని అనుకున్నాం, అందుకే ఈ ఏడు కుండ అటక మీదే ఉంటుంది. రోజూ గింజలు మార్చి, నీళ్ళ గిన్నె కడిగి, స్నానానికి ఒక వెడల్పు పళ్ళెం పెడతాను, రెండు రోజులకోసారి పేపరు మారుస్తాను. అన్నీ కలిపి రోజుకి ఇరవై నిమిషాలు. కొర్రలు, సామలు, వరిగలు కలిపిన గింజలే వాటి తిండి. అత్తయ్య ఊరి నుంచి వచ్చేటప్పుడు సంచిలో ఎండిన కొర్ర కంకులు కట్టలుగా తెస్తారు. కంకిని పంజరం పైకప్పుకి కుడి చివర వేలాడదీస్తే, ఎడమ చివర కూర్చున్నవి ఒక్కొక్కటే ఎగిరి వచ్చి పట్టుకుని ఊగుతూ గింజ ఒలుచుకుంటాయి. నిన్నటి కంకి అయిపోయింది. పాప బడి నుంచి వచ్చాక కొత్తది కట్టాలి, ఆ పని తనదే.